రూత్ ఆంటీ కంటికి మూడో ప్రయాణం

1989 చలికాలంలో డబ్బో అనే చిన్న ఊరి నుంచి సిడ్నీకి నేను కోపంతోనే బయలుదేరాను. డబ్బోలో నేను డాక్టర్ని. అక్కడి వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేసే రూత్ ఆంటీది భీమవరం. ఆమెకు ఎడమకన్ను చిన్నప్పటి నుంచీ కనిపించదు. పనిలో జారిపడి బల్ల అంచు తగలడంతో కుడికంటి లెన్స్ పట్టు తప్పింది. దానిమీద శుక్లం ముదిరింది. ఆపరేషన్ కోసం రెండుసార్లు ఒంటరిగా సిడ్నీ వెళ్ళి ఉత్తచేతులతో తిరిగొచ్చింది. "ఏదో కారణం ఉంటుందిలే ఆంటీ" అని రెండుసార్లూ సర్దిచెప్పింది నేనే.

మధ్యాహ్నం రెండు దాటాక రైలు. ప్రయాణం ఆరున్నర గంటలు. ఆంటీ తెచ్చిన పులిహోర తిన్నాం. లిత్‌గో అనే కొండల ఊరు చేరేసరికి చీకటి పడింది. ఎదుటి సీట్లో గొర్రెల బొచ్చు కత్తిరించే పెద్దాయన, తన చెల్లెల్ని కూడా మేం వెళ్తున్న ఆస్పత్రే ఇలాగే తిప్పి పంపిందని చెప్పాడు. "దూరం ఊళ్ళవాళ్ళం కదా, మళ్ళీ వస్తాంలే అనుకుంటారు" అన్నాడు. ఆ రాత్రి ఆస్పత్రి వెనక వీధిలో ఒక లాడ్జిలో దిగాం.

పొద్దున ఏడింటికల్లా ఆస్పత్రిలో ఉన్నాం. ఆంటీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కంట్లో మూడుసార్లు చుక్కలు వేశారు. పదకొండింటికి ఒక కుర్ర డాక్టర్ వచ్చి చూసి, లెన్స్ వదులైందని, కదిపితే కంట్లో వెనక్కి జారిపోవచ్చని, అది పెద్ద సర్జన్ చేయాల్సిన కేసని, వచ్చే నెల రమ్మని చెప్పాడు. ఆమె గురించి ఆస్పత్రికి నేను రాసిన ఉత్తరంలో మొదటి వాక్యం అదే. ఫైలు తెరవమన్నాను. నా ఉత్తరాలు మూడూ కవర్లు చింపకుండా అందులోనే ఉన్నాయి.

 ఆంటీ నెమ్మదిగా, తనకొచ్చిన ఇంగ్లీషులో అతనికి చెప్పింది: "మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ పస్తున్నాను. ఆయన వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను."

పెద్ద సర్జన్ రెండింటికి వచ్చాడు. ఉత్తరం నిలబడే చదివి, క్షమించమని ఒక్క మాటైనా అనకుండా ఆపరేషన్‌కి సిద్ధం చేయమన్నాడు. గంటన్నర పట్టింది. లెన్స్ మొత్తం తీసేశాడు. నిలబెట్టే ఆధారం లేదు కాబట్టి కొత్తది పెట్టలేదు. ఇక జీవితాంతం మందపాటి కళ్ళద్దాలే. మర్నాడు కట్టు విప్పి, కంటి ముందు ఒక మందపాటి కళ్ళద్దపు బిళ్ళ పట్టుకున్నారు. ఆంటీ నావైపు చాలాసేపు చూసింది.

"డాక్టరమ్మా, మీ జుట్టు ఇంత నెరిసిందా?" అంది. ఏడ్చింది నేను.

నాలుగో రోజు పొద్దున ఏడు గంటల రైలెక్కాం. ఇదే దారిన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒకటే: మీ డాక్టర్ రాసిన ఉత్తరం నకలు చేతిలో ఉంచుకోండి. చుక్కలు వేయకముందే దాన్ని వాళ్ళచేత చదివించండి. ఒకరిని తోడు తీసుకెళ్ళాల్సి రావడం సిగ్గుచేటే అయినా, తీసుకెళ్ళండి.

కొండలు దిగాక ఆంటీ అడిగింది. "మీరు రాకపోయుంటే చేసేవాళ్ళా?"

ఈసారి సర్దిచెప్పలేదు. "చేసేవాళ్ళు కాదు ఆంటీ."

 ఆమె నావైపు తిరిగి అంది: "అయితే నాకిప్పుడు కోపమొస్తోందమ్మా. ఆ ఆస్పత్రికి రాయాలి. ఏం రాయాలో నేను చెప్తాను, మీరు రాయండి."

సంచిలోంచి కాగితం తీశాను.