పొద్దు చూడని అమావాస్య

గంగులయ్య ఆకాశం వైపు చూడడం మానేసి ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పుడు కొండాపురం దగ్గర పునరావాస కాలనీలో, రేకుల ఇంటి ముందు తల వంచుకుని కూర్చుంటాడు. ఒకప్పుడు అలాంటివాడు కాదు. గొర్రెల మందతో పెన్న ఒడ్డున పెరిగిన మనిషి. ఏ రోజు నెలవంక ఎక్కడ పొడుస్తుందో వేలు పెట్టి చూపించేవాడు. రంజాన్ నెలపొడుపు కోసం జమ్మలమడుగు సాయిబులు కూడా పిలిచి అతన్ని మిద్దె ఎక్కించేవారు. ఆ గొప్ప నెత్తికెక్కింది. అదే కొంప ముంచింది.

అమావాస్యకు అతని లెక్క ఒకటుండేది. తెల్లవారుజామున తూర్పున సన్నటి చంద్రరేఖ ఏ రోజు చివరిసారి కనిపిస్తే, మధ్యలో ఒక్క రోజు వదిలి ఆ మరునాడు అమావాస్య. తండ్రి నేర్పిన లెక్క, ఎప్పుడూ తప్పలేదనేవాడు. తప్పే ఉంటుంది లెండి. దానిమీద ఎవరి ప్రాణమూ ఆధారపడలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ఆధారపడింది. ఊరు రెండు పార్టీలుగా చీలిన రోజులవి. ఎన్నికల్లో ఇవతలి పార్టీకి పోలింగ్ ఏజెంటుగా కూర్చున్న పాపానికి అతని తమ్ముడు గంగాధర్ ఊరు విడిచి, ప్రొద్దుటూరులో వెంకటరమణయ్య బట్టల అంగట్లో మూటలు మోస్తూ తలదాచుకున్నాడు. అవతలి పార్టీ పెద్దాయనకు ఒక నియమం ఉండేది. అమావాస్య నాడు తన మనుషులెవరూ కత్తి ముట్టరాదు. తాతల నాటి మొక్కు అనేవాడు. తక్కిన రోజుల్లో నరకడానికి ఏ మొక్కూ అడ్డం రాలేదు, ఏం భక్తో ఏమో! ఇవతలి వాళ్లు ఆ ఒక్క రోజే ఆసుపత్రికీ సంతకూ పోయివచ్చేవారు.

గంగాధర్‌కు కూతురు పుట్టింది. నెల కావస్తున్నా బిడ్డ మొహం చూడలేదు. అమావాస్యకు వచ్చి చూసిపోదామనుకున్నాడు. శనివారం తెల్లవారుజామున గంగులయ్య చంద్రరేఖను చూశాడు. సోమవారం రమ్మని తమ్ముడికి కబురు పెట్టాడు. ఆదివారం పొద్దున్నే జీపు నడిపే ఖలందర్ తిరుగు కబురు తెచ్చాడు. అంగడి గోడమీది క్యాలెండరులో అమావాస్య ఈరోజే ఉందట. ఈసారి పొట్టి అమావాస్యట, రేపు పొద్దు పొడిచేసరికి ఉండదని వెంకటరమణయ్య చూపించాడట. అన్న సరేనంటే గంగాధర్ ఈ పూటే బయలుదేరి వస్తాడట.

గంగులయ్యకు రోషం పొడుచుకొచ్చింది.

"గుడ్డలు కొల్సేటోనికి ఏం తెల్సప్పా నెల సంగతి? రేపే అమాస. ఈ పొద్దు కదలొద్దని చెప్పు వానికి."

ఖలందర్ రెండోసారి అడిగాడు. గంగులయ్య రెండోసారీ అదే చెప్పాడు. అన్న మాటంటే గంగాధర్‌కు వేదం. ఆగిపోయాడు.

సోమవారం మొదటి బస్సు దిగి, బిడ్డ కోసం కొన్న గౌను చంకలో పెట్టుకుని నడిచి వస్తున్నవాణ్ని ఊరి బయట, బాట కింద వాననీళ్లు పోయే మోరీ దగ్గర నలుగురు కాపేసి నరికారు. గంగులయ్య ఎదురు వెళ్లేసరికి అంతా అయిపోయింది. అమావాస్య నాడు ఇదేం పని అని గంగులయ్య లెక్క నమ్మిన ఊరివాళ్లు నిలదీస్తే, పెద్దాయన అరుగు దిగకుండానే పంచాంగం తెప్పించి చదివించాడు. అమావాస్య ఆదివారం పొద్దెక్కాక వచ్చి, సోమవారం కోడి కూయకముందే వెళ్లిపోయింది. మా మొక్కు మేం తప్పలేదన్నాడు. థూ! మనిషిని చంపడానికి కూడా తిథి చూసుకున్నారు.

ఆ సాయంత్రం జమ్మలమడుగులో శవాల గది ముందు కూర్చున్న గంగులయ్యకు, పడమట ఇంకా ఎరుపు చావని ఆకాశంలో, వెంట్రుకంత నెలవంక కనిపించింది. అమావాస్య నాడు నెల పొడవదు. అతని కళ్లే అతని మీద సాక్ష్యం చెప్పాయి. అతను తలెత్తి చూడడం అదే ఆఖరు.

కేసు నిలవలేదు. పదేళ్లకు రెండు పార్టీల పెద్దలూ ఒక్కటై, పులివెందులలో ఒక పెళ్లిలో పక్కపక్కన కూర్చుని భోంచేశారు. ఆ తర్వాత గండికోట ప్రాజెక్టు నీళ్లు ఊరినీ మోరీనీ కలిపి ముంచాయి.

కాలనీ బడిలో లెక్కల మాస్టరు నూర్ అహ్మద్ ఈమధ్య గంగులయ్యను ఓదార్చబోయాడు. చంద్రుడు తిరిగే దారి సరిగ్గా గుండ్రంగా ఉండదనీ, భూమికి దగ్గరైనప్పుడు వేగంగా పోయి దూరమైనప్పుడు నెమ్మదిస్తాడనీ నేల మీద గీత గీసి చెప్పాడు. ఆ దగ్గరా దూరమూ కూడా ఒక్క తీరుగా ఉండవట. అందుకే ఒక తిథి ఇరవై గంటలకే ముగిస్తే, మరొకటి ఇరవై ఆరు గంటలు సాగుతుందట. ఆ నెల చంద్రుడు పరుగెత్తాడు, అంతే, నీ తప్పేమీ లేదన్నాడు.

గంగులయ్య ఆ గీతను అరచేత్తో చెరిపాడు. లోపల గంగాధర్ భార్య పెద్దసుబ్బమ్మ బియ్యం ఏరుతోంది. ఇన్నేళ్లుగా అతనికి రెండు పూటలా అన్నం పెడుతోంది, ఒక్క మాట మాట్లాడలేదు.

"చంద్రుని మీద ఎయ్యొద్దు సారూ," అన్నాడు గంగులయ్య. "నా తమ్ముడు క్యాలెండరు నమ్మినాడు. ఆ పొద్దే వస్తానన్నాడు. నేనే రానియ్యలేదు."