ఆన్ చేస్తే నేరుగా రేసులోకి

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక ఆగస్టులో, నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్ దగ్గర స్ట్రోకులు, ప్రమాదాల తర్వాత కోలుకునేవాళ్లుండే ఒక రీహాబ్ ఆసుపత్రిలో సహాయ పరికరాల విభాగానికి సీనియర్ ఇంజనీర్‌గా వెళ్లాను. అంతకు ముందంతా సెలైన్ ఎక్కించే పంపులకు సాఫ్ట్‌వేర్ రాసినదాన్ని. ఇక్కడి పని వేరు. రోగి వాడుకునే వస్తువును అతని చేతికీ చూపుకీ అనువుగా మార్చి ఇవ్వాలి. ఏం కావాలో థెరపిస్టు చెబుతారు, మేం చేసి పెడతాం.

అలా నా దగ్గరికి వచ్చినవాడు సుధాకర్. నలభై ఏళ్లు కూడా లేని సాఫ్ట్‌వేర్ టెస్టర్. స్ట్రోక్ వచ్చి కుడిచేయి బలహీనపడింది. ఎదుటివాళ్ల మాట అర్థమయ్యేది గాని, తాను మాట్లాడటం, చదవడం దాదాపు పోయాయి. వ్యాయామానికి పిలిస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇలాగే ఉంటే వారాంతపు సమీక్ష తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లు ఆసుపత్రిలో ఉండనివ్వరని అతని థెరపిస్టు డెనీస్ కంగారు పడింది.

అతని భార్య లావణ్య ఇంటి నుంచి ఒక చిన్న గేమ్ పరికరం తెచ్చింది. అరచేతిలో ఇమిడిపోతుంది, పాతకాలపు వీడియో గేములు ఆడుకోవచ్చు.

“ఆఫీస్ నుంచి రాగానే షూస్ కూడా విప్పకుండా కార్ రేస్ ఆడేవాడు ఆంటీ. ఇప్పుడు ఆన్ చేస్తే గేమ్స్ లిస్ట్ వస్తది, చదవలేక పక్కన పడేస్తున్నాడు. డైరెక్ట్‌గా రేస్ ఓపెన్ అయ్యేలా సెట్ చేస్తారా?” అని అడిగింది.

ఆ పరికరం మెమరీ కార్డు మీద నడిచే చిన్న కంప్యూటరే. ముందు కార్డుకు నకలు తీసుకున్నాను. ఆన్ కాగానే మెనూను పిలిచే వాక్యం ఒకటి స్టార్టప్ ఫైల్లో ఉంటుంది. దాన్ని ఆపి, రేసు గేమును నేరుగా పిలిచే వాక్యం రాశాను. అయినా గేము మొదట్లో ఇంగ్లీషు అక్షరాల తెర ఒకటి అడ్డొచ్చింది. అది దాటాక ఆటను ఆ క్షణంలోనే భద్రపరిచి, ప్రతిసారీ అక్కడి నుంచే మొదలయ్యేలా చేశాను.

సుధాకర్ ఆన్ చేశాడు. కార్లు వరసగా నిలబడ్డాయి. కుడి బొటనవేలిని ఎడమచేత్తో ఎత్తి బటన్ మీద పెట్టుకున్నాడు. కారు వెళ్లి గోడకు గుద్దుకుంది. గట్టిగా నవ్వాడు. లావణ్య కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

కొద్ది రోజులకే డెనీస్ మళ్లీ పిలిచింది. సుధాకర్ పరికరాన్ని మంచం కిందికి విసిరేశాడట. అతను మొదటి ట్రాక్ గెలిచి రెండోదానికి వెళ్లాడు, భోజనానికి ఆపాడు, తిరిగి ఆన్ చేస్తే మళ్లీ మొదటి ట్రాకే. రోజూ అదే మలుపు ఉంటే వేలు ఎంత మెరుగైందో పోల్చడం తేలికని డెనీస్ అభిప్రాయం. లావణ్యదీ అదే మాట.

“ఈజీ ట్రాకే ఉండనివ్వండి ఆంటీ, ఓడిపోతే డిసప్పాయింట్ అయితాడు.”

మేం ముగ్గురం మాట్లాడుకుంటుంటే సుధాకర్ మంచం కమ్మీ మీద టకటకా కొట్టాడు. తెర మీది ట్రాక్‌ను చూపించి, మాట కోసం చాలాసేపు వెతుక్కున్నాడు.

“ఇది... అయిపాయె,” అన్నాడు. తర్వాత ముందుకు వేలు చూపించాడు.

స్ట్రోక్ వచ్చాక అతను రెండు మాటలు కలిపి అనడం అదే మొదలని లావణ్య చెప్పింది.

ఆ మధ్యాహ్నమే మార్చాను. పవర్ బటన్ నొక్కితే ముందు ఆట భద్రపడి, తర్వాతే పరికరం ఆగుతుంది. ఆన్ చేస్తే ఆపిన చోటే, కారు గోడకు గుద్దుకుని ఉంటే అలాగే, మొదలవుతుంది. గుద్దుకున్న కారును చూసి అతనేమీ నొచ్చుకోలేదు. కుడిచేత్తో రోజూ పని చేస్తున్నాడని డెనీస్ సమీక్షలో రాయగలిగింది. ఇన్సూరెన్స్ వాళ్లు ఆసుపత్రిలో ఉండే గడువు పొడిగించారు.

ఇంటికి వెళ్లే రోజు అతను చేతికర్రతో నా గదికి నడిచొచ్చి పరికరాన్ని బల్ల మీద పెట్టాడు.

“మెనూ,” అన్నాడు.

“లిస్ట్ మళ్లీ కావాలంట ఆంటీ, వేరే గేమ్స్ కూడా ఆడతాడంట,” అంది లావణ్య నవ్వుతూ.

పాత వాక్యాన్ని తిరిగి పెట్టి ఆన్ చేశాను. జాబితా వచ్చింది. మొదటి పేరును ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివాడు. అది నచ్చలేదేమో, బొటనవేలితో కిందికి జరిపి రెండో పేరు చదవడం మొదలుపెట్టాడు. మేం తొందరపెట్టలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ పరికరాన్ని సులభం చేయాల్సి వచ్చినా, ఎలా ఉండాలో వాడే మనిషినే ముందు అడిగాను. నేను తీసేసినదాన్ని ఆ మనిషి కోరిన రోజున తిరిగి పెట్టే వీలు ఉంచాను.