కమలవ్వ తేనెబుడ్డి

మెట్‌పల్లిలో బట్ట నేసే సాంచాలు నడిచే ఆ గల్లీలో ఎవరి ఇంట బిడ్డ పుట్టినా నాలుకకు తొలి తేనెచుక్క అంటించేది కమలవ్వ వేలే. తొలిచుక్క ఎవరి చేతిదైతే బిడ్డకు వాళ్ళ గుణమే వస్తుందని అక్కడి నమ్మకం. బుద్ధిమంతుడైన పిల్లగాడు కనిపిస్తే చాలు, "నా వేలి చలువ" అనేది కమలవ్వ. అల్లరిపిడుగైతే మాత్రం, "వాని బాపు పోలిక, నేనేం జేత్త?" అని తప్పుకునేది.

అట్లా మహారాణిలా వెలిగిపోతున్న కమలవ్వకు పోటీగా, ఎదురుగా ఉన్న హనుమండ్లు ఇంటి మేడ మీదికి ఆనందమ్మ కిరాయికి దిగింది. సర్కారు దవాఖానలో బాలింతల వార్డు నర్సు. వచ్చిన కొద్దిరోజులకే గల్లీలో చంటిపిల్లల తల్లులందరూ ఆ మెట్లెక్కడం మొదలుపెట్టారు. వాళ్ళ చెప్పుల చప్పుడు అరుగు మీద కూర్చున్న కమలవ్వ కడుపులో చింతనిప్పులు పోసేది.

"ఏందే బాలలక్ష్మీ, ఎటు పోతున్నవ్?"

"ఆనందక్క దగ్గరికి అవ్వా. పిలగాడు సరిగ్గ తాగుతలేడు, రొమ్ము రాయి లెక్క గట్టిబడ్డది."

"గంత మాత్రానికి దవాఖాన మనిషెందుకే? నేను సచ్చిన్నా?"

"నువ్వైతే పాలు పిండి పారబోయమంటవ్. ఆమె పిలగాన్ని పట్టుకునే తీరు మార్పిస్తది."

"ఎట్ల మార్పిస్తది?" అని నోటిదాకా వచ్చిన మాటను కమలవ్వ మింగేసింది. కానీ బాలలక్ష్మి దిగి వచ్చేదాకా అరుగు దిగలేదు. వచ్చాక కొంగు పట్టి ఆపి, అంతా ఆరా తీసి, చివరికి "ఓస్, గింతేనా!" అని మూతి తిప్పింది.

ఇంతలో సొంత మనవరాలు, కొడుకు బిడ్డ భవ్యశ్రీ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. కమలవ్వ ఖానాపూర్ అడవి దిక్కు నుంచి కొత్తతేనె తెప్పించింది. కోడలు నవనీత నెమ్మదిగా చెప్పింది.

"అత్తమ్మా, ఆనందక్క తేనె వద్దన్నది. పుట్టంగనే రొమ్ముకు పట్టాలెనంట. ముర్రుపాలు గూడ పారబోయొద్దంట, బిడ్డకు గవే బలమంట."

"ఊరి పిల్లలందరికీ నా వేలు కావాలె, నా ఇంటి పిల్లకు వద్దా? ఆమె పెత్తనం నా ఇంట్లకు గూడ వచ్చెనా?"

భవ్యశ్రీకి నొప్పులు వచ్చిన రోజున కమలవ్వ తేనెబుడ్డిని బొడ్లో దోపుకొని దవాఖానకు బయలుదేరింది. ఆనందమ్మ అటు తిరగ్గానే పని కానిచ్చేయాలని ఆమె ఆలోచన.

ఆడపిల్ల పుట్టింది. ఆనందమ్మ పాపను తుడిచి తల్లి రొమ్ము మీద పడుకోబెట్టింది. అంతలోనే చుట్టాల ఆడవాళ్ళంతా గదిలోకి జొరబడ్డారు. "పాలు పడనట్టుందే పోరికి!" అని ఒకామె. "మా కోడలికి గూడ గిట్లనే అయింది, డబ్బాపాలే గతి" అని ఇంకొకామె. "భవ్యా, జర ఇటు సూడే, మీ మామకు వీడియో పంపాలె" అని ఫోన్ పట్టుకొని మరొకామె. భవ్యశ్రీ సిగ్గుతో కొంగు లాక్కుంటూనే ఉంది. లాగినప్పుడల్లా పాప నోరు జారిపోతోంది. పాప గుక్కపట్టి ఏడ్చింది.

"అమ్మా, జర బయట కూసోండ్రి" అంది ఆనందమ్మ.

"మేమేమన్న పరాయోళ్ళమా సిస్టరమ్మా?" అన్నారే గానీ ఒక్కరూ కదల్లేదు.

కమలవ్వ చెయ్యి బొడ్లోని బుడ్డి మీదికి పోయింది. 'జరసేపు తాగకు బిడ్డా, ఈమె చేతులెత్తేయాలె' అని లోపల్లోపల మొక్కుకుంది. మొక్కుకున్న మరుక్షణమే ఆమె నోరు చేదైంది. పాప కళ్ళు మూసుకొని నోరు తెరిచి వెతుకుతోంది.

"బాపమ్మా, నాకు సిగ్గయితుంది" అని భవ్యశ్రీ ఏడుస్తూ అంది.

"అవ్వా, వీళ్ళు నా మాట ఇంటలేరు. మీ మాటైతే ఇంటరు" అంది ఆనందమ్మ.

వీళ్ళను వెళ్ళగొట్టి పాప పాలు తాగితే పేరు ఆనందమ్మది. ఊరుకుంటే తేనె నాకించే వంతు తనది. కమలవ్వ బుడ్డి మీద నుంచి చెయ్యి తీసింది. సాంచాల చప్పుడును మించి అరవడం అలవాటైన ఆ గొంతు ఒక్కసారిగా లేచింది.

"లేవుండ్రి! పెండ్లి సూడొచ్చిండ్రా? గిట్ల పదిమంది మీద పడి సూస్తే మీకు పాలొస్తుండెనా? నడువుండ్రి బయటికి!"

అందరినీ తోలి, తలుపుకు అడ్డంగా స్టూల్ వేసుకొని కూర్చుంది. తలుపు పూర్తిగా మూస్తే కమలవ్వ ఎట్లా అవుతుంది? సందులోంచి చూస్తూనే ఉంది.

"నువ్వు వంగకు బిడ్డా, పాపనే నీ దగ్గరికి తీసుకో. నోరు పెద్దగ తెరవనియ్యి... ఆ, ఇప్పుడు" అంటోంది ఆనందమ్మ.

కాసేపటికి ఏడుపు ఆగింది. చిన్నగా గుటక వినిపించింది. మళ్ళీ ఇంకొకటి.

ఆనందమ్మ బయటికి రాగానే కమలవ్వ పట్టుకుంది. "తేనె లేకపాయె, నా వేలు లేకపాయె. మరి దీనికి ఎవరి గుణమొస్తది? నీదా?"

ఆనందమ్మ నవ్వింది. "నేనేం నాకించిన అవ్వా? తల్లిపాలు తాగింది, తల్లి గుణమే వస్తదనుకోరాదు. మరి ఆ తల్లి పుట్టిన్నాడు తేనె నాకించిందెవరు?"

'మాటలకేం తక్కువ లేదు దీనికి' అనుకుంది కమలవ్వ, కానీ ఆనందమ్మ అన్న ఆ మాటను గల్లీ అంతా తిరిగి చెప్పుకుంది.

తొట్టెలనాడు, ఉయ్యాల వేడుకకు వచ్చిన ఆడవాళ్ళంతా పాపను చూసి, "ఆనందమ్మ చేతి చలువ, ఎంత ముద్దుగున్నదో!" అన్నారు. చింతనిప్పులు మళ్ళీ రాజుకున్నాయి.

"తలుపు కాసిందెవరో అడుగుండ్రి ముందు!" అని కమలవ్వ వాకిట్లోంచి అరిచింది.

ఇప్పుడు గల్లీలో ఎవరు కాన్పుకు పోయినా, ఆనందమ్మ కంటే ముందే తలుపు దగ్గర కమలవ్వ స్టూల్ పడుతుంది. బుడ్డి బొడ్లోనే ఉంటుంది. లోపల బిడ్డ గుటక వినబడగానే మూత తీసి, వేలు ముంచి, ఆ తేనె తానే చప్పరిస్తుంది. ఎవరైనా నవ్వితే, "ఏందే, పేరంతా ఆమెకేనాయె, నాకు జరంత తీపి గూడ వద్దా?" అంటుంది.