ముహన్నా గారి మూడో ఒత్తిడి

జబల్ అఖ్దర్ కొండ మీద ఆ ఊళ్లో అందరూ ఆయన్ని పగుళ్ల ముహన్నా అనేవారు. అందులో ఆయనకు తప్పేమీ కనిపించలేదు. నిజ్వా కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవాడు. దానిమ్మ తోటకు నీళ్లు పెట్టడానికి వెళ్లినా, గట్టు రాళ్ల పగుళ్లు ఏ దిక్కుకు పోతున్నాయో చూడందే ఇంటికొచ్చేవాడు కాదు. అన్నం చల్లారుతోందని కబురు పంపడం ఆయన భార్య షంసా ఏనాడో మానేసింది.

ఎండిన మట్టిగడ్డను రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కండి. నొక్కిన దిక్కుగానే పగులు సాగుతుంది. కొండ కూడా అంతే. కోట్ల ఏళ్ల కిందట నేలను ఎటునుంచి నొక్కారో రాతి పగుళ్లు చెబుతాయి. ఆ కొండలు రెండుసార్లు, రెండు దిక్కుల నుంచి ఒత్తిడికి గురయ్యాయని పండితులు తేల్చారు. ముహన్నా వయసులో ఉండగా ఊరి పైన ఒక ఇరుకు రాతి అరుగు మీద పగుళ్లు కొలిచి, మరో దిక్కు నుంచి మూడో ఒత్తిడి కూడా ఉందన్నాడు. ఆ అరుగు మీద తప్ప దాని జాడ ఇంకెక్కడా దొరకలేదు. దొరక్కపోవడమే దాని గొప్పతనమని ఆయన వాదన. ఏం చెబుతాం?

ఇప్పుడు కొండల కొత్త పటం వేస్తున్నారు. మూడో ఒత్తిడి అందులోకి ఎక్కితే ముహన్నా పేరుతోనే ఎక్కుతుంది. అది తేల్చడానికి పటం వేసేవాళ్ల తరఫున మస్కట్ నుంచి బద్రియా అనే అమ్మాయి వస్తోంది. రిటైర్ కాబోతున్న మనిషికి వారం రోజులుగా ముద్ద దిగలేదు.

వచ్చేది అతిథి కాబట్టి ఇస్త్రీ చేసిన పొడుగు అంగీ దిష్‌దాషా తొడుక్కున్నాడు, తలపాగా చుట్టుకున్నాడు, పెళ్లిలో మామగారు పెట్టిన వంకీ బాకు ఖంజర్‌ను పొట్ట మీద కట్టుకున్నాడు. ఖంజర్ లేకుండా అతిథి ముందుకు వెళ్లడం ఆయన లెక్కలో లోపలి లుంగీతో వెళ్లడమే.

ఆ అరుగు మీద ఒక్కరికే చోటు. వీపు కొండకు ఆనించి, లోయవైపు తిరిగి మాత్రమే నిలబడగలరు. ముహన్నా దిక్సూచిని నడుము దగ్గర పట్టుకుని కొలిచాడు. వయసులో ఉండగా వచ్చిన దిక్కే వచ్చింది.

“చూశావామ్మా, కొండ మాట మార్చలేదు,” అన్నాడు.

ఆయన దిగాక బద్రియా ఎక్కి కొలిచింది. పాత ఒత్తిడి దిక్కే వచ్చింది, మూడోది కాదు. దారి కుదుపులకు నీ దిక్సూచి చెడిపోయి ఉంటుందని ముహన్నా తనది ఇచ్చాడు. దానితోనూ పాతదే వచ్చింది. ఎండ మాడుస్తోంది, కాఫీ తాగి చూద్దామన్నాడు.

కింద చాప మీద కూర్చుంటే ఖంజర్ పొట్టలో గుచ్చుకుంది. దాన్ని విప్పి పక్కన పెట్టి, బద్రియా గిన్నెల్లో కాఫీ పోస్తుండగా తన దిక్సూచితో ఒక్కడే అరుగెక్కాడు. ఊరికే కొలిచాడు. పాత ఒత్తిడి. దిగొచ్చి దిక్సూచిని ఖంజర్ దగ్గరికి తెచ్చాడు. ముల్లు పిలిచినట్టు అటు తిరిగింది.

సుత్తులూ తాళాలూ దూరంగా పెట్టి కొలవమని ఏటా పిల్లల చెవిలో జోరీగలా పోరే మనిషి ఆయన. ఖంజర్ కూడా ఇనుమేనని ఆయనకు ఎన్నడూ తోచలేదు. అది బట్టల్లో భాగం. ఆ మొదటిసారి కొలిచింది పండగ నమాజు నుంచి తిరిగొస్తూ, కట్టుకున్న ఖంజర్‌తోనే.

బద్రియా ఇటు చూడటం లేదు. ఖంజర్ మళ్లీ కట్టుకుని కూర్చుంటే అడిగేవాడు లేడు. ముహన్నాకు ఏడుపొచ్చింది. ఖంజర్ తీసి ఆమెకు అందించాడు.

“ఇది పట్టుకుని కాస్త దూరంగా నిలబడమ్మా.”

“ఖంజర్ నా చేతికిస్తారేంటి బాబాయ్?”

“మూడో ఒత్తిడి అదేనమ్మా.”

మళ్లీ అరుగెక్కి ప్రతి పగులూ కొలిచి, దిక్కు తనే పైకి చెప్పి ఆమెతో రాయించాడు.

ఇంట్లో షంసా, పటంలో ఎక్కిందా అని అడిగింది.

“లేదు. ఆ దిక్కు నుంచి కొండనెవరూ నొక్కలేదు. మీ నాన్న ఖంజర్ ముల్లును లాగింది.”

“మా నాన్న ఉంటే పొంగిపోయేవాడు. మా పుట్టింటివాళ్ల వల్ల ఏదో ఒకటి జరిగిందని మీరు ఒప్పుకోవడం ఇదే మొదలు,” అంది షంసా. “ఆ పిల్ల పట్టేసిందా?” అని అడిగింది.

“నేనే చెప్పాను.”

షంసా ఖంజర్ అందుకుంది. దాని మీది రాతి దుమ్ము కొంగుతో తుడిచి మేకుకు తగిలించింది.

“అన్నం చల్లారుతోంది, రండి,” అంది.

ఆ మాట విని చాలా ఏళ్లయింది. ముహన్నా వెంటనే లేచి వెళ్లాడు.