చిటికెన వేలు

ఐదో తరగతితో ఆగిపోయిన నాకు బడి నేర్పిన విద్య ఒక్కటే, కళ్లు తెరుచుకుని నిద్రపోవడం. వేలూరు నుంచి గుడియాత్తం వెళ్లే బస్సులో ఆ విద్యే ప్రాణం మీదికి తెచ్చింది.

కునుకు తీశాక మెలకువ వచ్చింది. కండక్టరు అరుపు వినిపిస్తోంది. కానీ చెయ్యి కదలదు, గొంతు పెగలదు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది. చచ్చిపోతున్నాననుకున్నాను.

పక్క సీటు పెద్దాయన నా కళ్లు చూసి, నా చిటికెన వేలు పట్టుకుని మెల్లగా ఆడించాడు.

"భయపడొద్దు నాయనా. కలలో లేచి దూకకుండా మెదడు ఒంటికి తాళం వేస్తాది. నువ్వు ముందరే లేసినావు, తాళం ఇంకా తియ్యలా. నాకూ వస్తాది."

వేలు కదిలింది, వెనకే ఒళ్లూ కదిలింది. పేరు అడిగేలోగా ఆయన దిగిపోయాడు.

ఇప్పటికీ పడుకునే ముందు ఆ వేలు ఆడించి చూసుకుంటాను. "మెదడు లేచినా ఒళ్లు లేవకపోతే ఎట్లా?" అన్నాను, ఎందుకని అడిగిన మా ఆవిడతో.

"నీ ఒళ్లు రోజూ లేస్తానే ఉండాది. మెదడు లేచింది యాడ చూసినావప్పా?"