ఫ్రెంచి రాని దుబాసీ

ఆ రోజుల్లో కరోనా మనుషులందరినీ ఇళ్లలో కూర్చోబెట్టింది గానీ, ఊళ్ల గొప్పలను మాత్రం కూర్చోబెట్టలేకపోయింది. నేను గది అద్దెకు తీసుకున్న ఊరు డబ్లిన్‌కు రైల్లో అరగంట. ఒక చర్చి, ఒక బేకరీ, తాళాలు వేసిన పబ్బులు. అయినా ఊరి మొదట్లో ఎంత పెద్ద బోర్డో! ప్యారిస్ పక్కనున్న ఒక ఊరూ తామూ జంట ఊళ్లమని అందులో చాటుకున్నారు. (జంట నగరాలంటే హైదరాబాదు, సికిందరాబాదే అనుకుంటూ పెరిగినవాణ్ణి, నాకు నవ్వొచ్చేది.) ఆ జంట సంఘానికి అధ్యక్షురాలు మా ఇంటి ఓనరమ్మ. వాన పడినా, నా పప్పు మాడినా "గ్రాండ్" (అక్కడ బాగుందనడానికి ఆ మాటే) అనేది కాబట్టి ఆవిణ్ణి మనసులో గ్రాండమ్మ అనుకునేవాణ్ణి.

చదువైపోయి, ఉద్యోగం రాక, లీజు తీరిపోయే నెలలో పడ్డాను. అయిదు కిలోమీటర్లు దాటితే పోలీసులు వెనక్కి పంపే కాలం. వేరే గది ఎక్కడని వెతకను? అప్పుడే ఆవిడ ప్రింటరులో నా రెజ్యూమె తీసుకున్నాను. "ఫ్రెంచి: అనర్గళం" అన్న ముక్క ఆవిడ కంట పడింది. (ఇంటర్‌లో మార్కుల కోసం తీసుకున్న ఫ్రెంచి. తొంభై ఏడు వచ్చాయి, భాష ఒక్కటే రాలేదు.) మర్నాడు వంటింట్లో గ్రాండమ్మ కాఫీ కలుపుతూ గబగబా ఏదో అడిగింది. ఆవిడ యాస నాకెప్పుడూ సగమే అందేది గనక, "గ్రాండ్" అని నవ్వి ఊరుకున్నాను. ఆవిడ నన్ను తేరిపార చూసి, "ఆదివారం వాళ్ల మేయరు మాతో వీడియోలో మాట్లాడతాడు. నువ్వే మాకు దుబాసీవి. ఆ సంబంధం నిలబడితే నీ లీజూ నిలబడుతుంది" అంది.

ఆదివారం మేయరు కాగితం చూస్తూ మొదలుపెట్టాడు. "బోంజూర్" తర్వాత నాకు ఒక్క ముక్క అందితే ఒట్టు. అంతలో తెర మూల గడిలో కూర్చున్న వాళ్ల దుబాసీ కుర్రాడి వెనక గోడకు వెంకటేశ్వరస్వామి క్యాలెండరు కనిపించింది. ప్రాణం లేచొచ్చింది.

"తమ్ముడూ, తెలుగేనా? ఏమంటున్నాడయ్యా ఆ పెద్దాయన?"

"నాకేం తెల్సన్నా! మొన్ననే వచ్చిన. నా క్లాసులన్నీ ఇంగ్లీషులనే. ఇంగ్లీషు వస్తదని ఈడ కూసోబెట్టిన్రు."

"పోనీ మీ ఊరెలా ఉంటుందో అన్నా చెప్పు."

"ఏముంటదన్నా? ఒక చర్చి, ఒక బేకరీ, సిటీకి పోయే రైలు. ఇంతకుముందు అందరు సిటీల పనిచేసి పండనీకి ఈడికొచ్చెటోళ్లంట. ఇప్పుడు పండుడొక్కటే."

మేము ఫ్రెంచిలో మాట్లాడుకుంటున్నామని మావాళ్లూ, ఐరిష్ యాసలో ఇంగ్లీషు మాట్లాడుకుంటున్నామని వాళ్లూ గౌరవంగా తలలూపారు. నేను గొంతు సవరించుకుని, "మా బేకరీ వాసన మీ ముక్కుల దాకా రావాలి, విమానాలు ఎగరగానే మీరంతా మా ఇళ్లకు రావాలి అంటున్నారు మేయరు గారు" అని ఇంగ్లీషులో దంచేశాను. సంఘంలో పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. గ్రాండమ్మ తెర మీదికి ముద్దులు విసిరింది. అటు తమ్ముడు వాటిని "మెర్సీ, మెర్సీ" అంటూ థ్యాంక్స్‌లుగా అనువదించాడు. మేయరు బిత్తరపోయి, కాగితం మడిచి పక్కన పెట్టి, తనూ చెయ్యి ఊపాడు. నా లీజు మరో ఏడాది పెరిగింది.

ఉద్యోగం దొరికి గది ఖాళీ చేసే రోజున, గ్రాండమ్మ కాఫీ ఇస్తూ మళ్లీ అలాగే గబగబా ఏదో అంది. "గ్రాండ్" అన్నాను. పగలబడి నవ్వింది.

"అది ఫ్రెంచి, నాయనా! కాన్వెంటులో సిస్టర్లు కొట్టి మరీ నేర్పారు నాకు. ఆ రోజు మేయరు చదివింది ఏమిటో తెలుసా? ఇంక ఈ సంబంధం తెంచేసుకుందామని. వాడి ఉద్దేశం నాకు ముందే తెలుసు."

"మరి నన్నెందుకు పెట్టారండీ?"

"భాష వచ్చినవాణ్ణి పెడితే అదే చెప్పేవాడుగా!"

ఆ బోర్డు ఇప్పటికీ అక్కడే ఉంది. అటు వెళ్లినప్పుడల్లా, మేయరు తరఫున రొట్టెల వాసన పంచిపెట్టిన ఆనాటి నాలోని కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. అందర్నీ బురిడీ కొట్టించానని వాడు ఏడాది పాటు ఎంత మురిసిపోయాడో, పాపం! వాడికున్న అర్హతలన్నీ పరీక్షించి మరీ ఇచ్చిన ఉద్యోగం అదొక్కటే.