చుక్క పడని కెమెరా

తాండూరులో ఉండే మా బావ కొత్త వీడియో కెమెరా కొన్నాడు. అరచేతిలో ఇమిడిపోతుంది, నీళ్లలో ముంచినా ఏమీ కాదట. దాని పనితనం పరీక్షించడానికి ఈ రోజు మమ్మల్ని కోట్‌పల్లి ప్రాజెక్టుకు తీసుకెళ్లాడు. మా మేనకోడలు మొదటిసారి పడవ తెడ్డు పట్టింది. బావ ఒడ్డునే నిలబడి, కెమెరాను పాలిథిన్ కవరులో చుట్టి, పైన రబ్బరు బ్యాండు బిగించి మరీ వీడియో తీశాడు.

"బావా, గది వాటర్‌ప్రూఫే కదా, గీ కవరెందుకు?" అన్నాను.

"వాటర్‌ప్రూఫే. గట్లని కొత్త సామాను తడుపుతమా?" అన్నాడు.

పిల్ల ఒడ్డుకు చేరేసరికి వాన మొదలైంది. ఉన్నది ఒకటే గొడుగు. బావ దాన్ని నా చేతిలో పెట్టి, "జర కెమెరా మీద పట్టు" అన్నాడు. పట్టాను.

ఇంటికొచ్చి వీడియో చూస్తే, కవరు పుణ్యమా అని అంతా పొగమంచే.

"డాడీ, గీ వీడియోల నేనెక్కడున్న?" అని మేనకోడలు అడిగింది.

బావకు అది వినపడలేదు. ఎంత వానలోనైనా చుక్క దిగదని రివ్యూ రాసి, కెమెరాకు ఐదు స్టార్లు ఇచ్చే పనిలో ఉన్నాడు. తుమ్ముకుంటూ అడుగుతున్నాను, గొడుగు పట్టినవాడికి మీరైతే ఎన్ని స్టార్లు ఇస్తారు?